బాక్టీరియా జీవక్రియలో ఎంజైములు – ఫోలేట్ తయారీ చెప్పే పాఠం



మన పేగుల్లో నివసించే ఈ. కోలై అనే బాక్టీరియాను పరీక్షనాళికలో పెంచడానికి పెద్ద విందేమీ అక్కరలేదు. నీళ్లలో కొంచెం గ్లూకోజు, కొంచెం అమ్మోనియం లవణం, ఫాస్ఫేటు, సల్ఫేటు, మెగ్నీషియం వంటి మరికొన్ని ఖనిజాలు కలిపి 37 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచితే చాలు. ఆ ద్రావణంలో ప్రోటీన్లు లేవు, కొవ్వులు లేవు, ఒక్క విటమిన్ కూడా లేదు. అయినా మర్నాటికి ఆ తేటనీరు కలిగంజిలా మసకబారుతుంది. ఒక్కొక్క మిల్లీలీటరులో కోట్ల సంఖ్యలో బాక్టీరియాలు పెరిగి ఉంటాయి. తమకు కావలసిన 20 అమైనో ఆమ్లాలను, కొవ్వులను, డీఎన్ఏను, విటమిన్లను అవి గ్లూకోజు, అమ్మోనియాల నుంచి సొంతంగా తయారుచేసుకున్నాయన్నమాట.

ఈ పని మన వల్ల కాదు. 20 అమైనో ఆమ్లాలలో తొమ్మిదింటిని మనం తిండి ద్వారానే పొందాలి. విటమిన్లలో చాలావాటి సంగతీ అంతే. ఈ విషయంలో కంటికి కనిపించని ఆ ఏకకణ జీవి మనకంటే మెరుగైన రసాయన శాస్త్రవేత్త.

ఇప్పుడొక ప్రశ్న. బాక్టీరియాను దెబ్బతీసే మందును మనం మింగుతాం. అది మన రక్తంలో కలుస్తుంది, మన కణాలన్నింటినీ తాకుతుంది. మరి బాక్టీరియాను అడ్డుకొన్న మందు మనల్ని ఎందుకు అడ్డుకోదు? దీనికి ఒక ముఖ్యమైన సమాధానం పైన చెప్పిన తేడాలోనే ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఎంజైము ఎలా పనిచేస్తుందో చూడాలి.

ఎంజైము ఏం చేస్తుంది?

1897లో జర్మన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టు కణాలను నూరి రసం తీశాడు. అందులో జీవమున్న కణం ఒక్కటి కూడా లేకపోయినా, ఆ రసం చక్కెరను పులియబెట్టింది. అంటే పులియబెట్టే శక్తి కణంలోపలి పదార్థాలదే. ఆ పదార్థాలే ఎంజైములు. 1926లో అమెరికాలో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికాలుగా వేరుచేసి, అది ప్రోటీన్ అని చూపాడు. ఉత్ప్రేరకాలుగా పనిచేసే ఆర్ఎన్ఏ అణువులు కూడా కొన్ని ఉన్నాయని తరువాత తెలిసింది. కానీ ఎంజైములలో అత్యధిక భాగం ప్రోటీన్లే.

ఎంజైము ఒక జీవ ఉత్ప్రేరకం. రెండు ఊళ్ల మధ్య ఎత్తైన కొండ ఉందనుకోండి. కొండ ఎక్కి దిగగలిగే ఓపిక ఉన్న కొద్దిమందే ఆవలి ఊరికి చేరతారు. ఆ కొండకు సొరంగం తవ్వితే రాకపోకలు ఒక్కసారిగా పెరుగుతాయి. కానీ సొరంగం వల్ల ఏ ఊరి ఎత్తూ మారదు. ఎంజైము కూడా అంతే. చర్య మొదలు కావడానికి దాటవలసిన ఉత్తేజన శక్తిని అది తగ్గిస్తుంది. చర్యకు ముందు, తరువాత ఉండే పదార్థాల శక్తిలో మాత్రం ఏ మార్పూ తీసుకురాదు. జరగగల చర్యను త్వరగా జరిపిస్తుందే తప్ప, జరగరాని చర్యను జరిపించదు.

ఆ వేగం ఎంతటిదో ఒక ఉదాహరణతో గమనించండి. డీఎన్ఏ, ఆర్ఎన్ఏలలోని పిరిమిడిన్ భాగాల తయారీలో ఒక అణువు నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించే మెట్టు ఉంది. ఎంజైము లేకుండా నీళ్లలో వదిలేస్తే, ఆ పదార్థంలో సగం మారడానికి సుమారు 7.8 కోట్ల సంవత్సరాలు పడుతుందని 1995లో ప్రచురితమైన కొలతలు చూపాయి. ఆ పని చేసే ఒక్క ఎంజైము అణువు సెకనుకు పదుల సంఖ్యలో అణువులను మార్చేస్తుంది. ఈ. కోలై అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకొకసారి రెండుగా చీలగలుగుతున్నదంటే, దాని వెనుక ఉన్నది ఇటువంటి వేగమే.

ఎంజైము పట్టుకొని మార్చే పదార్థాన్ని అధస్థ పదార్థం లేదా సబ్‌స్ట్రేట్ అంటారు. అది వచ్చి కూర్చునే చిన్న గుంటను క్రియాశీల స్థానం అంటారు. 1894లో ఎమిల్ ఫిషర్ ఈ రెండింటినీ తాళంచెవితో, తాళంతో పోల్చాడు. 1958లో డేనియల్ కోష్‌లాండ్ ఆ పోలికను సవరిస్తూ, సబ్‌స్ట్రేట్ తాకగానే ఎంజైము తన ఆకారాన్ని కొద్దిగా సర్దుకొంటుందని ప్రతిపాదించాడు. చేతికి తొడుక్కునే కొద్దీ అమరే తొడుగులాంటిదన్నమాట. ఏమైనా ఆకారమే ఇక్కడ కీలకం. ఈ మాటను గుర్తుంచుకోండి. ఈ పాఠమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

విరగ్గొట్టడం, కట్టుకోవడం

జీవక్రియకు రెండు ముఖాలున్నాయి. పెద్ద అణువులను విడగొట్టి శక్తిని పొందడం విచ్ఛిన్నక్రియ. చిన్న అణువులను జోడించి కావలసినవి కట్టుకోవడం నిర్మాణక్రియ. దీన్నే జీవసంశ్లేషణ అని కూడా అంటారు.

మొదటిదాన్ని మీరు రోజూ ఇంట్లో చూస్తూనే ఉన్నారు. గోరువెచ్చని పాలకు తోడు వేస్తే పెరుగవుతుంది. తోడులోని బాక్టీరియాలు పాలలోని లాక్టోజును ఎంజైములతో విడగొట్టి, చివరకు లాక్టిక్ ఆమ్లంగా మార్చి, ఆ దారిలో ఏటీపీ రూపంలో శక్తిని సంపాదించుకొంటాయి. మరీ వేడి పాలలో తోడు వేస్తే పెరుగు ఎందుకు తోడుకోదు? ఎక్కువ వేడికి ప్రోటీన్ల మడతలు విడిపోతాయి. ఆకారం చెడితే ఎంజైము పనిచేయదు, బాక్టీరియా బతకదు. చలికాలంలో పెరుగు ఆలస్యంగా తోడుకోవడానికి కారణం వేరు. అక్కడ ఎంజైములు చెడిపోవు, కేవలం నెమ్మదిస్తాయి.

ఇలా సంపాదించిన ఏటీపీని బాక్టీరియా జీవసంశ్లేషణలో ఖర్చు పెడుతుంది. ఈ తయారీ ఒక్క దెబ్బలో జరగదు. మగ్గం దగ్గరికి నూలు చేరేలోగా వడకడం, రంగు అద్దడం, పడుగు తయారు చేయడం వంటి పనులు వేర్వేరు చేతుల మీదుగా జరిగినట్లే, ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ఎంజైము ఉంటుంది. ఒకదాని ఉత్పన్నం తరువాతి దానికి సబ్‌స్ట్రేట్ అవుతుంది.

తయారైన సరుకు ఎక్కువైతే? ఈ. కోలైలో థ్రియోనిన్ నుంచి ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఐదు మెట్లలో తయారవుతుంది. ఐసోల్యూసిన్ కావలసినంత చేరగానే, అదే వెళ్లి మొదటి మెట్టులోని ఎంజైమును ఆపివేస్తుందని 1956లో ఎడ్విన్ అంబార్గర్ చూపాడు. దీన్ని ఫీడ్‌బ్యాక్ నిరోధం అంటారు. అది క్రియాశీల స్థానంలో కాకుండా మరో చోట అతుక్కొని ఎంజైము ఆకారాన్ని మారుస్తుంది. మధ్యలో ఎక్కడో కాక మొదటి మెట్టునే ఆపడం వల్ల, సగం తయారైన సరుకు వృథాగా పేరుకుపోదు. ఎంజైమును ఆపగలిగే చిన్న అణువులు ప్రకృతిలోనే ఉన్నాయని దీన్నిబట్టి తెలుస్తున్నది కదా! మందులు చేసే పని కూడా ఇటువంటిదే.

ఫోలేట్: మనం తినేది, బాక్టీరియా వండుకొనేది

ఇప్పుడు ఒక ప్రత్యేకమైన జీవసంశ్లేషణ మార్గంలోకి వెళ్దాం. ఇది ఫోలేట్ అనే విటమిన్ తయారీ మార్గం. దీని చరిత్రలో మన దేశానికీ, ఒక తెలుగు శాస్త్రవేత్తకూ చోటుంది.

బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణులలో, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో కనిపించే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారం ఇస్తే అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఈస్టులో ఉన్న ఆ పదార్థం ఏమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో దాన్ని ప్రయోగశాలలో సంశ్లేషించినది లెడర్లె సంస్థలోని శాస్త్రవేత్తల బృందం. ఆ పరిశోధనలకు నాయకత్వం వహించినవారు భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరుడిని బలిగొన్న స్ప్రూ అనే పేగుల వ్యాధిలో, ఫోలిక్ ఆమ్లమే మందుగా పనికి రావడం చెప్పుకోదగిన విషయం.

ఫోలేట్ అణువును మూడు ముక్కలుగా ఊహించుకోండి. ఒక చివర టెరిన్ అనే జంట వలయం, మధ్యలో పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం, మరో చివర గ్లుటామిక్ ఆమ్లం. మధ్య ముక్క పేరు పొడవైనది కనుక దాన్ని పాబా అని పిలుద్దాం.

ఫోలేట్ నుంచి వచ్చే టెట్రాహైడ్రోఫోలేట్ కణంలో ఒక్క కార్బన్ ఉన్న ముక్కలను మోసుకెళ్లి, అవసరమైన చోట అందించే కూలీ లాంటిది. డీఎన్ఏలోని థైమిన్ తయారీకి ఇది కావాలి. అడినిన్, గ్వానిన్‌ల తయారీకీ కావాలి. ఇది లేకపోతే కొత్త డీఎన్ఏ లేదు, కణవిభజన లేదు. ఎముకమజ్జలో క్షణక్షణం పుట్టవలసిన ఎర్ర రక్తకణాలు దెబ్బతినడం అందువల్లనే. గర్భిణులకూ, ఎదిగే వయసు పిల్లలకూ ఐరన్‌తో పాటు ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తున్నది కూడా ఇందుకే.

మనకు ఫోలేట్ ఆకుకూరలు, పప్పులు, కాలేయం వంటి ఆహారం నుంచి లభిస్తుంది. చాలా బాక్టీరియాలు దీన్ని సొంతంగా తయారుచేసుకొంటాయి. ముందు జీటీపీ నుంచి కొన్ని మెట్లలో టెరిన్ ముక్క సిద్ధమవుతుంది. మరో మార్గంలో కోరిస్మేట్ అనే పదార్థం నుంచి పాబా సిద్ధమవుతుంది. డైహైడ్రోటెరోయేట్ సింథేజ్ అనే ఎంజైము ఈ రెండింటినీ జోడిస్తుంది. మన సౌలభ్యం కోసం దీన్ని జోడించే ఎంజైము అందాం. తరువాతి మెట్టులో గ్లుటామిక్ ఆమ్లం చేరి డైహైడ్రోఫోలేట్ ఏర్పడుతుంది. చివరగా డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైము దానికి హైడ్రోజన్‌ను చేర్చి టెట్రాహైడ్రోఫోలేట్‌గా మారుస్తుంది. దీన్ని చివరి ఎంజైము అందాం.

జోడించే ఎంజైము మన కణాల్లో లేనే లేదు. వండుకోనివాడికి పొయ్యితో పనేముంది? చివరి ఎంజైము మాత్రం మనలోనూ ఉంది, బాక్టీరియాలోనూ ఉంది.

పాబా వేషంలో వచ్చిన మందు

1930ల మొదట్లో జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ ప్రాంటోసిల్ అనే ఎర్ర రంగు పదార్థాన్ని పరిశీలించి, స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా సోకిన ఎలుకలను అది కాపాడుతుందని కనుగొన్నాడు. 1935లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. వింత ఏమిటంటే, పరీక్షనాళికలోని బాక్టీరియాను ప్రాంటోసిల్ ఏమీ చేయలేదు. అదే ఏడాది పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రవేత్తలు ఈ చిక్కు విప్పారు. శరీరంలో ప్రాంటోసిల్ విడిపోయి సల్ఫనిలమైడ్ అనే రంగులేని పదార్థం వస్తుంది. అసలు మందు అదే.

ఈ మందు విలువ ఎంతో బాలింతలకు తెలుసు. ప్రసవం తరువాత స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే సూతికా జ్వరం అప్పట్లో ఎందరో తల్లులను పొట్టనపెట్టుకొనేది. 1936లో లండన్‌లో లెనార్డ్ కోల్‌బ్రుక్ ఈ మందులను వాడి, ఆ మరణాలను బాగా తగ్గించగలిగాడు. పెన్సిలిన్ ఆసుపత్రులకు చేరడానికి ఇంకా కొన్నేళ్లు ఉండగానే జరిగిన సంగతి ఇది.

సల్ఫనిలమైడ్ ఎలా పనిచేస్తుందో 1940లో డొనాల్డ్ వుడ్స్ చూపాడు. ఈస్టు సారం కలిపితే ఈ మందు బాక్టీరియా మీద పనిచేయడం లేదని గమనించి, కారణం వెదికాడు. కొద్దిపాటి పాబా కలిపినా మందు ప్రభావం పోతున్నదని తేలింది. రెండు అణువులనూ పక్కపక్కన గీసి చూడండి. రెండింటిలోనూ ఒక బెంజీన్ వలయం, దానికి ఒక కొసన అమైనో సమూహం ఉన్నాయి. ఎదుటి కొసన పాబాలో కార్బాక్సిల్ సమూహం ఉంటే, సల్ఫనిలమైడ్‌లో సల్ఫోనమైడ్ సమూహం ఉంది. పరిమాణంలోనూ ఈ రెండూ దాదాపు సమానం.

పౌండ్రకుడు శంఖచక్రాలు ధరించి తానే వాసుదేవుడినన్నట్లు, సల్ఫనిలమైడ్ పాబా వేషంలో వచ్చి, జోడించే ఎంజైము క్రియాశీల స్థానంలో కూర్చుంటుంది. నిజమైన పాబాకు చోటు దొరకదు. దీన్ని పోటీ నిరోధం అంటారు. పోటీ కనుక ఎవరి సంఖ్య ఎక్కువైతే వారిదే గెలుపు. వుడ్స్ ప్రయోగంలో పాబాను పెంచగానే మందు ఓడిపోవడానికి కారణం ఇదే. అంతేకాదు, కొన్నిసార్లు ఎంజైము మోసపోయి టెరిన్‌కు సల్ఫా మందునే జోడిస్తుంది. ఆ ఉత్పన్నం ఫోలేట్‌గా మారదు. కష్టపడి తయారు చేసుకొన్న టెరిన్ కూడా వృథా.

తరగతిలో విద్యార్థులు రెండు ప్రశ్నలు తరచుగా అడుగుతుంటారు. మొదటిది: రోగి పాలకూర తింటే అందులోని ఫోలేట్‌ను బాక్టీరియా వాడుకోదా? చాలా రోగకారక బాక్టీరియాలకు తయారైన ఫోలేట్‌ను లోపలికి తీసుకొనే ఏర్పాటు లేదు. అందువల్ల మన పళ్లెంలోని ఫోలేట్ మనకే తప్ప వాటికి అందదు. రెండవది: మందు వేసుకోగానే బాక్టీరియా ఎందుకు ఆగిపోదు? అప్పటికే దాని దగ్గర కొంత ఫోలేట్ నిల్వ ఉంటుంది. కణం చీలిన ప్రతిసారీ ఆ నిల్వ పిల్ల కణాలకు పంపకమై పలచబడుతుంది. కొన్ని తరాలు గడిచాకే పెరుగుదల ఆగుతుంది. సల్ఫా మందు బాక్టీరియాను వెంటనే చంపదు, ఎదగనీయదు. మిగిలిన పని మన రోగనిరోధక వ్యవస్థ పూర్తిచేస్తుంది.

ఒకే దారిపై రెండు కావళ్లు

చివరి ఎంజైము మనలోనూ ఉందని చెప్పుకొన్నాం. మరి దాన్ని అడ్డుకోవచ్చా? ఒకే పని చేసే ఎంజైమైనా, మనిషిలో, బాక్టీరియాలో దాని ఆకారం అచ్చు గుద్దినట్లు ఒకటిగా ఉండదు. జార్జ్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియాన్‌ల పరిశోధనల నుంచి వచ్చిన ట్రైమెథోప్రిమ్ అనే మందు, మానవ ఎంజైముకంటే బాక్టీరియా ఎంజైముకు వేల రెట్లు గట్టిగా అతుక్కొంటుంది. వీరిద్దరూ 1988లో జేమ్స్ బ్లాక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నారు.

మరోవైపు, మానవ కణాల్లోని ఇదే ఎంజైమును కావాలనే ఆపే మందులు కూడా ఉన్నాయి. సుబ్బారావు నాయకత్వంలో లెడర్లెలో తయారైన అమైనోటెరిన్‌ను వాడి, 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లల్లో తాత్కాలిక ఉపశమనం సాధించాడు. దాని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. క్యాన్సర్ కణం వేగంగా చీలుతుంది కనుక దానికి ఫోలేట్ లోటు ఎక్కువగా తగులుతుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న కణాలకూ కొంత దెబ్బ తప్పదు. ఉమ్మడి ఎంజైమును కొట్టడానికీ, బాక్టీరియాకు మాత్రమే ఉన్న ఎంజైమును కొట్టడానికీ తేడా ఇదే.

సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్‌లను 5:1 నిష్పత్తిలో కలిపిన మందు కో-ట్రైమాక్సజోల్. ఒకే దారిలో రెండు చోట్ల కావలి పెట్టినట్లు ఇది రెండు ఎంజైములను అడ్డుకొంటుంది. దీనిలో ఒక లెక్క ఉంది. ఒక మందును తప్పించుకొనే ఉత్పరివర్తన కోటి కణాల్లో ఒకదానికి వస్తుందనుకుందాం. రెండు మందులను తప్పించుకొనే రెండు ఉత్పరివర్తనలూ ఒకే కణంలో ఒకేసారి రావడానికి అవకాశం కోటి కోట్లలో ఒకటి మాత్రమే.

ఆకారం మారితే?

లెక్క బాగానే ఉంది. కానీ బాక్టీరియా ఆ లెక్కను తప్పించే దారి కనిపెట్టింది. సల్ఫాకు లొంగని ఎంజైమును తయారుచేసే సల్1, సల్2 వంటి జన్యువులు ప్లాస్మిడ్‌లు అనే చిన్న డీఎన్ఏ వలయాల మీద ఒక బాక్టీరియా నుంచి మరొక దానికి చేరుతాయి. ఈ ఎంజైముల క్రియాశీల స్థానంలో రెండు అమైనో ఆమ్లాలు అదనంగా ఉన్నాయని, వాటివల్ల పాబాకు చోటు దొరికి, కొంచెం భిన్నమైన సల్ఫాకు దొరకదని 2023లో ప్రచురితమైన పరిశోధన చూపింది. వేషం బయటపడిందన్నమాట! ట్రైమెథోప్రిమ్‌కు లొంగని ఎంజైము జన్యువులు కూడా తరచుగా అదే డీఎన్ఏ ముక్క మీద ప్రయాణిస్తాయి. అప్పుడు రెండు అరుదైన ఘటనలు కలిసి రావలసిన పనిలేదు. ఒక్క మూట అందితే రెండు మందులనూ తట్టుకోవచ్చు.

ఇది మన దేశానికి దూరపు విషయం కాదు. కుష్ఠువ్యాధికి వాడే డాప్సోన్ కూడా జోడించే ఎంజైమునే అడ్డుకొంటుంది. దశాబ్దాలపాటు ఆ ఒక్క మందునే వాడారు. దాన్ని తట్టుకొనే బాక్టీరియాలు ఉన్నాయని 1964లో రుజువైంది. ఆ నిరోధకత పెరగడంతో 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డాప్సోన్‌తో పాటు రిఫాంపిసిన్, క్లోఫజిమిన్‌లను కలిపిన బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. ఈ మూడూ బాక్టీరియాలో మూడు వేర్వేరు చోట్ల పనిచేస్తాయి. 2005 చివరికి భారతదేశంలో జాతీయ స్థాయిలో కుష్ఠు రోగుల సంఖ్య 10,000 మందికి ఒకటికంటే తగ్గింది. అయితే వ్యాధి పూర్తిగా పోలేదు. 2023లో ప్రపంచంలో నమోదైన కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. ఇప్పుడున్న మందులు పదునుగా ఉండటం ఎంత అవసరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కాబట్టి మందుల దుకాణంలో అడిగి రెండు మాత్రలు కొనుక్కొని వేసుకొనేటప్పుడు, జలుబు వంటి వైరస్ వ్యాధులకు యాంటీబయాటిక్ వాడేటప్పుడు ఏం జరుగుతున్నదో ఎంజైము దృష్టితో ఆలోచించండి. మందుకు లొంగే బాక్టీరియాలు ఆగిపోతాయి. ఆకారం మారిన ఎంజైము ఉన్నవి మాత్రమే మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. మరొకరికి ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు. వైద్యుడు రాసిన మందును, రాసిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడండి. సల్ఫా మందులు కొందరికి తీవ్రమైన అలర్జీ కలిగిస్తాయి. అందుకు కూడా వైద్యుని సలహా తప్పనిసరి.

సారాంశం

ఎంజైము ఉత్తేజన శక్తిని తగ్గించి చర్యను వేగవంతం చేస్తుంది. దాని పని దాని ఆకారం మీద ఆధారపడుతుంది. బాక్టీరియా ఫోలేట్‌ను తయారుచేసుకొంటుంది, మనం తింటాం. ఆ తయారీలో మనకు లేని ఎంజైమును సల్ఫా మందులు పోటీ నిరోధం ద్వారా అడ్డుకొంటాయి. ఏ ఆకారం మందుకు దారి చూపిందో, ఆ ఆకారమే మారినప్పుడు మందు చేతులెత్తేస్తుంది.

ఆలోచించి జవాబులు రాయండి

1. చీము ఎక్కువగా ఉన్న గాయంలో, చనిపోయిన కణాల నుంచి థైమిడిన్, ప్యూరిన్‌లు విడుదలవుతాయి. అక్కడ సల్ఫా మందు సరిగా పనిచేయకపోవడానికి కారణం ఏమై ఉంటుంది?

2. ఫీడ్‌బ్యాక్ నిరోధానికీ, పోటీ నిరోధానికీ మధ్య తేడాలు తెలపండి. నిరోధక అణువు ఎంజైములో ఎక్కడ అతుక్కొంటుందో పటం గీసి చూపండి.

3. ట్రైమెథోప్రిమ్, మెథోట్రెక్సేట్ రెండూ ఒకే పేరున్న ఎంజైమును ఆపుతాయి. అయినా ఒకటి బాక్టీరియా వ్యాధులకు, మరొకటి క్యాన్సర్‌కు ఎందుకు వాడుతున్నారు?